అది వేరే లెక్క

డబ్లిన్‌కు బయల్దేరే ముందు కోఠీ ఫుట్‌పాత్ మీద బేరమాడి 150 రూపాయలకు ఓ టీషర్టు కొన్నాను. ఛాతీ నిండా బ్రిటిష్ జెండా, యూనియన్ జాక్. రాజకీయమేమీ లేదు, రంగులు బాగున్నాయి. పైగా "ఫారిన్ పీసు సార్" అన్నాడు అమ్మే కుర్రాడు. కొద్ది అడుగుల దూరంలోనే ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ భవనం. ఆ శకునమైనా పట్టించుకోవాల్సింది.

ఇక్కడికొచ్చిన మొదటి ఆదివారం అది తొడుక్కుని మెట్లు దిగాను. కింద మా ఇంటి ఓనరు, రిటైరైన బస్సు డ్రైవరు, నా మొహం చూడలేదు, చొక్కా చూశాడు. కాసేపు ఆలోచించి, "వానొచ్చేలా ఉంది, పైన కోటు వేసుకో" అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఐర్లండ్‌లో అలాంటి రోజు దొరకడమే అపురూపం కాబట్టి కోటు వేసుకోలేదు. బస్సులో పక్క సీటాయన ఎంతో మర్యాదగా "రాజుగారు కులాసాయేనా?" అని అడిగాడు. రొట్టెల కొట్టులో అమ్మాయి, "సెలవులకు వచ్చారా? ఎప్పుడు వెళ్ళిపోతున్నారు?" అంది. ఒక్కరూ తిట్టలేదు. మన దగ్గరైతే మొహం మీదే అడిగి కడిగేస్తారు. వీళ్ళు పెట్టిన వాత మాత్రం మూడో రోజుకు గానీ చురుక్కుమనదు.

ఆ సాయంత్రమే ఓనరు మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీలో ప్రత్యక్షమయ్యాడు. "ఇవాళ మనవాళ్ళు గెలిచి తీరాలి" అన్నాడు. మాంచెస్టర్ ఇంగ్లండ్‌లో ఉందని మా జాగ్రఫీ మాస్టారు చెప్పినట్టు గుర్తు. అదే అడిగాను.

"అది వేరే లెక్క" అన్నాడు.

ఆ లెక్క ఒంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది. లివర్‌పూల్, ఆర్సెనల్, ఏ ఇంగ్లిష్ క్లబ్బు జెర్సీ అయినా నిక్షేపంగా వేసుకోవచ్చు. ఆ మ్యాచ్‌లకు ఇక్కణ్ణుంచి జనం ఓడలెక్కీ విమానాలెక్కీ మరీ పోతారు. అదే ఆటగాడు క్లబ్బు చొక్కా విప్పి ఇంగ్లండ్ చొక్కా తొడిగాడో, శనివారం దేవుడు మంగళవారానికి పరాయివాడు. స్కాట్లండ్‌లోని సెల్టిక్ జెర్సీ అయితే ప్రసాదంతో సమానం. ఇక్కడి స్లైగోలో పుట్టిన బ్రదర్ వాల్‌ఫ్రిడ్ 1887లో గ్లాస్గోలోని ఐరిష్ వలస పేదలకు అన్నం పెట్టే నిధుల కోసం మొదలుపెట్టిన క్లబ్బది. అదే ఊళ్ళో దాని ప్రత్యర్థి రేంజర్స్ జెర్సీ ఒకసారి సేల్‌లో చవగ్గా కనబడింది. "నీలం నీకు నప్పదు" అన్నాడు ఓనరు. అప్పుడాయన ఒంటి మీద ఉన్నది డబ్లిన్ కౌంటీ నీలం జెర్సీ. ఇక ఉత్తరాన బెల్‌ఫాస్ట్ సంగతంటారా, అక్కడ ఒక వీధిలో యూనియన్ జాక్, ఆ పక్క వీధిలో ఐరిష్ మూడు రంగుల జెండా. చొక్కా వేసుకునే ముందు వీధి పేరు చూసుకోవాలి.

మొదట్లో ఇదంతా చాదస్తమనుకున్నాను. ఓనరు నన్ను క్రోక్ పార్కుకు తీసుకెళ్ళాక నోరు మూసుకున్నాను. 1920 నవంబరు 21న అక్కడ గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు జరిపిన కాల్పుల్లో 14 మంది చనిపోయారు. వాళ్ళలో మైదానంలో ఆడుతున్న మైకేల్ హోగన్ ఒకడు. ఇప్పుడు అక్కడొక స్టాండుకు అతని పేరే. ఆ మైదానం గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ది. తన సభ్యులు సాకర్, రగ్బీ, క్రికెట్ ఆడకూడదు, చూడనూ కూడదు అన్న నిషేధాన్ని అది 1971 దాకా ఎత్తెయ్యలేదు. దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ సాకర్ మ్యాచ్ చూసొచ్చాడని 1938లో ఆయన్నే తమ పోషకుడి పదవిలోంచి తీసేశారు. అధ్యక్షుడికే దిక్కులేనప్పుడు కోఠీ టీషర్టువాడెంత! 2007లో అదే మైదానానికి ఇంగ్లండ్ రగ్బీ జట్టు వచ్చింది. బ్రిటిష్ జాతీయగీతానికి ఎనభై వేల పైచిలుకు జనం చప్పుడు చెయ్యకుండా నిలబడ్డారు. ఆ మర్యాద అయ్యాక ఐర్లండ్ ఆటగాళ్ళు 43–13తో చితక్కొట్టారు.

ధైర్యం తెచ్చుకుని ఓ రోజు క్రికెట్ కెలికాను. "2019లో ఇంగ్లండ్‌కు ప్రపంచకప్ తెచ్చిన కెప్టెన్ ఇయాన్ మోర్గాన్ మీ డబ్లిన్ కుర్రాడే కదండీ?" ఓనరుకు దగ్గొచ్చింది. తగ్గాక, 2011లో మన బెంగళూరులో కెవిన్ ఓబ్రైన్ గులాబీ రంగు జుట్టుతో 50 బంతుల్లో సెంచరీ బాది ఇంగ్లండ్‌ను ఓడించిన వైనం, పక్కనుండి చూసినట్టు చెప్పాడు. "మరి 1988లో ఇంగ్లండ్‌ను ఓడించిన మీ ఫుట్‌బాల్ జట్టు మేనేజరు జాక్ చార్ల్‌టన్ అచ్చమైన ఇంగ్లిష్‌వాడు కదా?" అన్నాను. మళ్ళీ వేరే లెక్కే. చివరి అస్త్రం వదిలాను. యూనియన్ జాక్‌లోని ఎర్రటి వాలు శిలువ ఐర్లండ్ వాటా, సెయింట్ ప్యాట్రిక్‌ది, 1801లో కలిపారు, ఇప్పటికీ అందులోనే ఉంది.

"తెలుసు, మా సామాను ఇంకా తిరిగివ్వలేదు" అన్నాడు.

తర్వాత నా వంతు వచ్చింది. "మిమ్మల్నీ అన్నేళ్ళు ఏలారుగా, నీకు కోపం లేదా?" అని అడిగాడు. లేకేం, అల్లూరి సీతారామరాజు పుట్టిన నేల మాది అంటూ ఫోనులో మా గోదావరి జిల్లా సెంటరు ఫొటో చూపించాను. విల్లంబులతో అల్లూరి విగ్రహం. పక్కనే పూలదండతో, గుర్రం మీద ఓ తెల్లదొర.

"ఈయనెవరు?"

"కాటన్ దొర. 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు. మా తాత గోదావరిలో మునిగినప్పుడల్లా ఆయన పేరున నీళ్ళు వదిలేవాడు."

"బ్రిటిష్ సైన్యంలో మనిషా?"

"జనరలు."

ఓనరు రెప్పవేయకుండా నా వంకే చూశాడు. ఎంత వెతుక్కున్నా నాకు మరో మాట దొరకలేదు. "అది వేరే లెక్కండీ" అన్నాను. ఆయన తలూపి నా కప్పులో ఇంకాస్త టీ పోశాడు.

ఈసారి చదువులకు డబ్లిన్ వచ్చే పిల్లలకు ఒక్క మనవి. కోఠీలో ఆ టీషర్టు కనబడితే చూడనట్టు దాటిపోండి. సూట్‌కేసులో ఆ జాగాలో అరకిలో కందిపొడి పడుతుంది. దానికి ఇక్కడ ఏ జట్టువాళ్ళకూ అభ్యంతరం లేదు. నాక్కూడా కాస్త తెండి.