ఒక ఆటసామాన్ల దుకాణం హోమ్‌పేజీకి టీకా తాత్పర్యం

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. ఆధారం లేని మాట రాయను, అక్కరలేని మాట చెప్పను అని ముందుగా ఒట్టుపెట్టుకుని మరీ కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాశాడు. భారవి కిరాతార్జునీయానికి రాసినదానికి ఘంటాపథమని, అంటే రాజమార్గమని పేరు పెట్టాడు. ఆ సంప్రదాయాన్ని పాటించి ఈ వ్యాఖ్యకు ‘బీచ్‌రోడ్డు’ అని పేరు పెట్టుకున్నాం. ఆయనకు కాళిదాసు దొరికాడు. మాకు దొరికింది విశాఖపట్నంలో ఒక ఆటసామాన్ల దుకాణం వారి వెబ్‌సైటు మొదటి పుట.

జగదాంబ నుంచి డాబాగార్డెన్స్ వైపు నడిచేవాళ్ళు ఇలాంటి దుకాణం చూసే ఉంటారు. గుమ్మానికి వలసంచిలో వేలాడే ఫుట్‌బాళ్ళు, గోడకు నిలువుగా ఆనించిన క్యారమ్ బోర్డులు, గల్లాపెట్టె పక్కన గట్టింగ్‌కి, అంటే తీగలు మార్పించడానికి, వచ్చిన రాకెట్ల కట్ట. పేరు చెప్పం. చెప్పినా లాభం లేదు, ఇదే పాఠం అక్షరం పొల్లుపోకుండా గాజువాకలోనూ దొరుకుతుంది, అనకాపల్లిలోనూ దొరుకుతుంది.

మూలం

మా వెబ్‌సైటుకు స్వాగతం!
విశాఖలోనే నంబర్ వన్ స్పోర్ట్స్ షాపు.
అన్ని రకాల ఆట సామాన్లు సరసమైన ధరలకు లభించును.
క్వాలిటీయే మా ఊపిరి, నమ్మకమే మా పెట్టుబడి.
లోరెమ్ ఇప్సమ్ (ఇలా ఇంకా కొన్ని పంక్తులు).
వివరములకు సంప్రదించండి.

కాల కర్తృత్వ నిర్ణయం

పుట అడుగున కాపీరైట్ 2016 అని ఉంది. దాన్నిబట్టి ఈ గ్రంథం హుద్‌హుద్ తుఫానుకు, అంటే 2014 అక్టోబరు 12కు తరువాతిదని తేలుతుంది. అయితే లక్షణాలు మాత్రం ఇంకా ప్రాచీనంగా ఉన్నాయి. ఫోనులో తెరిస్తే అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. ఫోనులో సరిగా కనబడని సైట్లను ఫోను వెతుకులాటలో వెనక్కి నెట్టడం గూగుల్ 2015 ఏప్రిల్ 21న మొదలుపెట్టింది. ఆ వార్త గ్రంథకర్తకు చేరిన జాడ లేదు. సైటుకు భద్రత తాళం (https) లేదు. అది లేని పుటలన్నిటికీ 2018 జులై నుంచి క్రోమ్ ‘నాట్ సెక్యూర్’ అని ముద్ర వేస్తోంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు ఆ తాళాన్ని ఉచితంగానే ఇస్తారు, అడిగేవాడు ఉండాలి అంతే. కుడిమూల ఖాళీ గడి ఒకటుంది. అక్కడ ఒకప్పుడు ఫ్లాష్ బొమ్మ గెంతుతూ ఉండేదట. 2020 చివరికి ఫ్లాష్ కాలం చేసింది, గడి మిగిలింది. దసరా ఆఫర్ అన్న పట్టీ మాత్రం ఎండాకాలంలోనూ వెలుగుతూనే ఉంది.

కర్త ఎవరంటే, అప్పట్లో ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడు. ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. డొమైన్ అతని పేరిట, అతని కాలేజీ మెయిలు మీద ఉంది. ఏటా రెన్యువల్ కబురు ఎవరూ తెరవని ఆ పెట్టెలోకే పోతుంది. పొలం దున్నేది ఒకరు, పట్టాదారు పాసుపుస్తకం ఇంకొకరి పేరిట ఉన్నట్టు. సైటును అందంగా మార్చాలనుకునేవారు రంగులు ఎంచుకోకముందే ఈ పట్టా తమ పేరిట మార్చుకోవాలి.

ప్రతిపదార్థం

మా వెబ్‌సైటుకు = మా యొక్క వెబ్‌సైటుకు; స్వాగతం = స్వాగతం. తలుపు తోసుకుని లోపలికి వచ్చినవాడికి ‘మీరు లోపలికి వచ్చారు’ అని తెలియజేయడం దీని ప్రయోజనం. పునరుక్తి దోషం. పుటలో అందరి కళ్ళూ మొదట పడే చోటును ఇది ఆక్రమించింది.

విశాఖలోనే నంబర్ వన్ = ఇక్కడ ‘ఏ’ అవధారణార్థకం, తక్కిన ఊళ్ళను పరిహరిస్తోంది. నగరంలో ఆటసామాన్లు అమ్మే ప్రతి దుకాణమూ నంబర్ వన్నే కాబట్టి రెండో నంబరు ఖాళీగా ఉంది. ఇది అద్వైతం. వెతుకులాటకు మాత్రం ఇందులో పనికొచ్చే మాట ‘విశాఖ’ ఒక్కటే. జనం ‘వైజాగ్’ అని కూడా కొడతారు, పేట పేరు కూడా కొడతారు. ఆ రెండూ పుటలో ఎక్కడా లేవు.

అన్ని రకాల ఆట సామాన్లు = ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు ఆగాలి. ‘అన్ని’ అన్న మాటలో ఏముందో తెలియాలంటే సైటు మూసి దుకాణానికి వెళ్ళాలి.

స్టీల్‌ప్లాంట్‌లో ‘ఏ’ షిఫ్టు దిగి, కూర్మన్నపాలెం నుంచి కొడుకును బండి వెనక కూర్చోబెట్టుకుని వచ్చిన మనిషి అడుగుతాడు: “మా గుంటడికి బ్యాటు కావాలండి.” దుకాణదారు బ్యాటు తీయడు. “ఏ బాలుతో ఆడతాడు బాబూ? టెన్నిస్ బాలా, డ్యూస్ బాలా?” డ్యూస్, అంటే తోలుబంతి, అని జవాబు వస్తే, “కోచింగ్‌లో ఏసారా, ఈదిలోనేనా?” అప్పుడు కుర్రాణ్ణి నిటారుగా నిలబెట్టి, పక్కన బ్యాటు ఆనించి, పిడి కొస తుంటి దాకా వచ్చిందా, దాటిందా అని చూస్తాడు. “ఫుల్ సైజు వొద్దండి, ఆరో నంబరు చాలు. పెద్దది కొంటే రెండేళ్ళు వస్తాదనుకుంటారు గానీ, బరువుకి మణికట్టు తిరగదు. ఈలోగా ఆట పాడైపోద్ది.” ఇంగ్లిష్ విల్లో చూపించమంటే చూపిస్తాడు గానీ అమ్మడానికి తొందరపడడు. “దీనికి నూనె పట్టించాల, చెక్క సుత్తితో గంటలకొద్దీ కొట్టి కొట్టి అలవాటు చెయ్యాల. అది చెయ్యకుండా కొత్త బాలుకి తగిలిస్తే అంచు చీలిపోద్ది. ఇప్పటికి కాశ్మీర్ విల్లో తీస్కోండి.”

‘అన్ని రకాల’కు అసలు వ్యాఖ్య ఇదీ. షటిల్ సంగతి అడిగినా అంతే. నైలాన్ షటిళ్ళలో ఆకుపచ్చ పట్టీది మెల్లగా, నీలంది మధ్యస్థంగా, ఎర్రది వేగంగా పోతుందని, ఈకల డబ్బా మీద 76, 77, 78 అని ఉండేవి వేగం నంబర్లని, గాలి వేడెక్కే ఊళ్ళో షటిల్ దూరం పోతుంది గనుక నంబరు తగ్గించి కొనాలని గడగడా చెబుతాడు. వీఎంఆర్‌డీఏ పార్కు స్కేటింగ్ రింకుకు పిల్లను తీసుకువెళ్ళే తల్లికి నాలుగు చక్రాల క్వాడ్లు ముందా, ఇన్‌లైన్ ముందా అన్నది చెబుతాడు. ఈ ఊరి అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా బంగారం తెచ్చింది. ఇప్పుడు ఎవరైనా స్పైక్స్ అడిగితే సింథటిక్ ట్రాక్‌కు పొట్టి మేకులు, మట్టి మీదైతే పొడుగువి అని విడమరుస్తాడు. ఇంత విద్య కౌంటరు వెనక ఉండగా, సైటు మీదికి వచ్చేసరికి ‘అన్ని రకాల’ అని రెండు ముక్కలు మిగిలాయి.

సరసమైన ధరలకు = రసంతో కూడిన ధరలకు. ఏ రసమన్నది సందేహం. ధర ఎక్కడా చెప్పలేదు కాబట్టి ఇది ధ్వని. చెప్పకుండా స్ఫురింపజేయడమే ఉత్తమ కావ్యమని ఆనందవర్ధనుడి మతం. ఇక్కడ సహృదయుడైన కొనుగోలుదారుకు స్ఫురించేది ఒక్కటే: ఎక్కువుంటుంది. ఖచ్చితమైన ధర రాయడానికి జంకితే, ఎంత నుంచి ఎంత వరకు అని రాసినా ధ్వని తొలగి వ్యాపారం సాగుతుంది.

లభించును = తద్ధర్మ క్రియ. నిన్న, నేడు, రేపు అన్న భేదం లేకుండా స్వభావాన్ని మాత్రమే చెబుతుంది. కనుక ఈరోజు దుకాణంలో ఉందని దీని అర్థం కాదు, లభించడం ఆ సామాను స్వభావమని మాత్రమే అర్థం. వ్యాకరణరీత్యా దుకాణదారును తప్పుపట్టలేం. ఎండలో గాజువాక నుంచి వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్ళేవాడు వ్యాకరణం చదవలేదు.

క్వాలిటీయే మా ఊపిరి, నమ్మకమే మా పెట్టుబడి = రూపకాలంకారం. ముందుకు పోదాం.

చిత్రవిచారం

అక్షరాల వెనక మూడు బొమ్మలు ఒకదాని తరువాత ఒకటి జరుగుతుంటాయి. మొదటిది ధోనీ. 2005 ఏప్రిల్ 5న పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద 148 కొట్టి ఈ ఊరికి చుట్టమైనవాడు గనుక స్థలపురాణం ప్రకారం ఒప్పు. అనుమతి లేకుండా పెట్టిన ఫొటో గనుక చట్టం ప్రకారం తప్పు. రెండోది మంచుకొండ మీద నుంచి స్కీయింగ్ చేస్తూ జారుతున్న మనిషి. సింహాచలం కొండ మీద ఇందుకు అవకాశం లేదు. దుకాణం కీర్తి హిమాలయం దాకా పాకిందని సూచన కాబోలు. మూడోది బేస్‌బాల్ తొడుగు వేసుకున్న అమెరికా పిల్లవాడు. మేనల్లుడి భవిష్యత్తును కవి ముందే చూశాడని పెద్దలు అంటారు.

మూడూ నెట్ నుంచి దించినవి దించినట్టే పెట్టినవి, మెగాబైట్ల బరువువి. రెండోది పూర్తిగా దిగేలోపు ఫోను పట్టుకున్నవాడు వెనక్కి నొక్కేస్తాడు. వీటి బదులు దుకాణం ముఖాన్ని, లోపలి బ్యాట్ల వరుసను సొంత ఫోనుతో తీసి, సైజు తగ్గించి పెడితే దారి వెతుక్కునేవాడికి గుర్తుగానైనా ఉంటుంది.

లోరెమ్ ఇప్సమ్

ఈ మంత్రం మీద వ్యాఖ్యాతలు తడబడ్డారు. ఏదో విదేశీ కంపెనీ బ్రాండు పేరని కొందరు, పుట తాలూకు బీజాక్షరమని కొందరు. నిజానికి ఇది క్రీస్తుపూర్వం 45లో రోమన్ పండితుడు సిసెరో మంచిచెడుల మీద రాసిన గ్రంథం నుంచి విరగ్గొట్టిన లాటిన్. అచ్చు పనివాళ్ళు అసలు విషయం వచ్చేదాకా చోటు నింపడానికి వాడేవారు. 1960ల్లో లెట్రాసెట్ రేకుల మీదుగా వ్యాప్తిలోకి వచ్చింది, తరువాత కంప్యూటర్లలోకి దూరింది. మేనల్లుడు ‘మా గురించి’ అన్న చోట మామయ్య రాసి ఇస్తాడని దీన్ని ఉంచాడు. మామయ్య ఇది మేనల్లుడు రాసిందనుకున్నాడు.

విశేషం: సిసెరో ఆ చోటనే, ఏ లాభమూ రాకపోతే ఒళ్ళు అలిసే వ్యాయామానికి ఎవరు పూనుకుంటారని అడుగుతాడు. విరిగిన లాటిన్‌లో ఆ వ్యాయామం ముక్క ఇప్పటికీ ఉంది. మొత్తం పుటలో కసరత్తు ప్రసంగం ఉన్న చోటు ఇదొక్కటే.

వివరములకు సంప్రదించండి

ఎవరిని, ఎలా? కింద ఒక ఫారం ఉంది. పేరు, ఈమెయిలు, విషయం, సందేశం నింపమంటుంది. బ్యాటు కొనడానికి ఈమెయిలు రాసేవాడు విశాఖలో పుట్టలేదు. రాసినా ఆ ఉత్తరం మేనల్లుడికే చేరుతుంది. ఫోను నంబరు ఉంది గానీ ధోనీ బొమ్మ మీద అచ్చయి ఉంది. వేలితో నొక్కితే మోగదు. పోర్టు స్టేడియంలో షటిల్ ఆడి రాకెట్ తీగ తెగినవాడు సాయంత్రం గట్టింగ్‌కి ఇవ్వవచ్చా, దుకాణం ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది అన్నది పుటలో ఎంత వెతికినా దొరకదు.

శంక: గూగుల్ మ్యాపులో పేరు, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఉండగా సైటెందుకు?

సమాధానం: నిజమే, ముందు మ్యాపులోని వేళలూ నంబరూ సరిచూసుకోవాలి. చేతిలో ఉన్నది ఒక్క పూటే అయితే ఆ పూట దానికే పెట్టాలి. అయితే గూగుల్ చిన్న వ్యాపారులకు తన ఖాతాలోంచి ఉచితంగా కట్టిచ్చిన సైట్లను 2024 మార్చిలో తానే మూసేసింది. సొంత డొమైన్ మీద ఉన్న పుటను అలా మూసేవారు లేరు.

శంక: డెకత్లాన్ లాంటి పెద్ద సంస్థ సైటుతో ఈ దుకాణం పోటీపడగలదా?

సమాధానం: సరుకులో పడలేదు. కానీ ఆ సైటు కుర్రాణ్ణి నిలబెట్టి పక్కన బ్యాటు ఆనించి చూడదు.

పరిష్కృత పాఠం

క్రికెట్ బ్యాట్లు, షటిల్ రాకెట్లు, స్కేట్లు, స్పైక్స్. డాబాగార్డెన్స్, విశాఖపట్నం. వైజాగ్ అన్నా మేమే.
పిల్లల ఎత్తు, ఏ బాలుతో ఆడతారో వాట్సాప్ చేయండి. ఏ సైజు బ్యాటో చెబుతాం, వద్దంటే వద్దనీ చెబుతాం.
కాశ్మీర్ విల్లో, ఇంగ్లిష్ విల్లో: ఈ నెల ధరలు ఇక్కడ.
గట్టింగ్‌కి సాయంత్రం ఇస్తే మర్నాడు.
ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర. ఆదివారం మధ్యాహ్నం దాకా.
ఫోను చేయడానికి ఇక్కడ నొక్కండి. దారికి ఇక్కడ.

దుకాణదారు దీన్ని కౌంటరు మీద పెట్టుకుని రెండుసార్లు చదివాడు. “అంతా బాగుందండి. ఆ నంబర్ వన్ అన్నది ఏటి తీసీసేరు?” అన్నాడు. ఆ పాఠం దుకాణదారుకు ఇష్టమైనది కావడం చేత, ప్రక్షిప్తమని గుర్తించి, కుండలీకరణాల్లో ఉంచడమైనది.