ఈతకు సిద్ధం, నీళ్లు పంపండి

అమెరికాలో 1987 నుంచి ‘స్విమ్ ఎక్రాస్ అమెరికా’ అని ఒకటి నడుస్తోంది. జనం ఈదుతారు, తెలిసినవాళ్లు చందాలిస్తారు, ఆ డబ్బు క్యాన్సర్ పరిశోధనకు పోతుంది. మంచి పనే. మార్కాపురం, గిద్దలూరు వైపు కూడా పెడదామంటే ఉత్సాహానికి కొదవ లేదు.

ఈదే చోటుకూ కొదవ లేదు. నీళ్లు తెచ్చేందుకు తవ్విన వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు రెండున్నాయి, ఒక్కోటీ 18 కిలోమీటర్ల పైనే. ఎండ తగలదు, దారి తప్పే భయం లేదు. 1996లో శంకుస్థాపన చేసి, 2024 మార్చిలో జాతికి అంకితం కూడా చేశారు. ఆ వేడుకకు రానిది కృష్ణా నీళ్లొక్కటే. పోనీ కంభం చెరువంటారా? 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమని గుర్తింపొచ్చింది గానీ, ఆ సంగతి దాన్ని నింపే గుండ్లకమ్మ ఏటికి ఎవరూ చెప్పినట్టు లేదు. గట్టి వానలు పడిన ఏడే నిండుతుంది. ఇక మిగిలింది ట్యాంకరు. అందులో దిగితే ఆడవాళ్లు బిందెలతో కొడతారు, కొట్టాలి కూడా.

చందా పుస్తకం మాత్రం ముందు పొదిలి, కనిగిరి పొగాకు వేలం కేంద్రాలకు పట్టుకెళ్లాలి. రైతును అనడం లేదు, పాపం అతనికి ఆ నేలే దిక్కు. బేళ్లు దగ్గరుండి అమ్మించేదీ సర్కారు బోర్డే, సిగరెట్ పెట్టె మీద క్యాన్సర్ బొమ్మ వేయించేదీ సర్కారే. రెండు చేతులా ఈదడమంటే అదీ!

చెరువు నిండిన ఏడు కబురు పెడతాం. అప్పటిదాకా ఆ చేతిలో బీడీ ఆర్పేసి ఉండండి.