ఎత్తుడు క్లాసిక్

'డర్టీ డాన్సింగ్' కూడా క్లాసికేనా అని పెదవి విరిచే పండితులకు చేదు కబురు: 2024లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీ దాన్ని అక్కున చేర్చుకుంది. కథ 1963 వేసవిది. పతాక సన్నివేశంలో రికార్డు పెట్టగానే మోగే పాటలో వినిపించేది మాత్రం 1987 నాటి సింథసైజర్! ఆస్కార్ కూడా ఆ పాటకే. షూటింగ్ సాగేసరికి ఆకులు పండిపోతే పచ్చరంగు కొట్టారు. హీరో హీరోయిన్లు చల్లటి సరస్సులో వణుకుతూనే నవ్వారు. దొంగచాటు గర్భస్రావంతో చావు అంచుకు వెళ్లిన డాన్సర్ పెన్నీయే సినిమాకు వెన్నెముక; ఆమె ఎవరికి గుర్తుంది? అందరికీ గుర్తున్నది హీరోయిన్‌ని గాల్లోకి ఎత్తడమే. అమెరికా పెళ్లి విందుల్లో వరుళ్లు ఇప్పటికీ అలాగే ఎత్తబోయి నడుం పట్టేయించుకుంటున్నారు. విమర్శకులేమో ఇంకా నిర్వచనం వెతుకుతున్నారు.