పోర్టు సున్నా, అడ్రసు సున్నా

నేను ఐబీఎం 3477 టెర్మినల్‌ని. గాజు తెర, పచ్చటి అక్షరాలు, 122 మీటల కీబోర్డు. నాకు విలువ తెచ్చింది నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీ కాదు, నన్ను తగిలించిన చోటు.

1988 జూన్ 21న ఐబీఎం ఏఎస్/400 అనే వ్యాపార కంప్యూటర్‌ని ప్రకటించింది. మినెసోటాలోని రోచెస్టర్‌లో రూపుదిద్దుకున్న యంత్రం అది. షికాగో దగ్గర ఒక టోకు వ్యాపార సంస్థ దాన్ని కొన్నప్పుడు నేనూ వెంట వచ్చాను. దాని వెనక ట్వినాక్స్ కేబుల్ పోర్టులు ఉంటాయి. ఒక్కో పోర్టు మీద 0 నుంచి 6 దాకా అడ్రసులతో ఏడు పరికరాలు వరసగా తగిలించవచ్చు. సున్నా పోర్టులో సున్నా అడ్రసు నాకిచ్చారు. అంటే నేను కన్సోల్‌ని. మాన్యువల్‌గా ఐపీఎల్, అంటే బూట్, చేసి యంత్రాన్ని లేపినప్పుడు అది మొదట పలకరించేది నన్నే. డిస్కు చెడినా, ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ ఎక్కించాల్సి వచ్చినా ఆ మెనూలు కనిపించేది నా తెర మీదే.

శనివారం రాత్రుల గురించి చెప్పాలి. సేవ్ మెనూలో 21వ ఆప్షన్ నొక్కితే మొత్తం సిస్టమ్ టేపుకి ఎక్కుతుంది. దానికి ముందు సబ్‌సిస్టమ్‌లన్నీ ఆపాలి. గోడౌన్లో, అకౌంట్స్‌లో, రిసెప్షన్లో ఉన్న టెర్మినళ్ళన్నీ పనిలోంచి తప్పుకునేవి. కంపెనీ మొత్తానికి నేనొక్కదాన్నే మెలకువగా ఉండేదాన్ని. మామూలు రోజుల్లో నా కనెక్షన్ పోతే ఇంకో టెర్మినల్ నుంచి నన్ను వేరీ ఆఫ్ చేసి, మళ్ళీ వేరీ ఆన్ చేసి లేపవచ్చు. శనివారం రాత్రి ఆ ఇంకో టెర్మినల్ ఉండదు. అయినా గది ఊడ్చేవాళ్ళు వాక్యూమ్ క్లీనర్ కోసం నా ప్లగ్గే పీకేవారు. నా మీద కాఫీ కప్పులు పెట్టేవారు. ఒకసారి ఎవరో బల్ల జరుపుతూ కేబుల్ లాగేస్తే నా తర్వాత ఉన్నవన్నీ నాతోపాటే పడిపోయాయి. ఇంకోసారి నన్ను వేరే గదిలో వాడుకుందామని ఒకాయన నా అడ్రసు మార్చేశాడు. తర్వాతి ఐపీఎల్‌లో యంత్రం నాకోసం వెతికి వెతికి, ముందు ప్యానెల్ మీద ఏ600తో మొదలయ్యే కోడ్ చూపించి ఆగిపోయింది. కన్సోల్ దొరకలేదని దాని అర్థం.

నన్ను మనసుపెట్టి చూసుకున్నది ఒక తెలుగు కుర్రాడు. అమీర్‌పేటలో కోర్సు చేసి, వైటూకే పని మీద వచ్చాడు. ఆరంకెల తేదీలతో రాసిన ఆర్‌పీజీ ప్రోగ్రాములు 2000 సంవత్సరాన్ని 1900 అనుకోకుండా సరిచేస్తూ రాత్రుళ్ళు నా ముందే కూర్చునేవాడు. 'అన్నం తిన్నానులే అమ్మా, నువ్వు పడుకో' అని ఫోన్లో అబద్ధాలు చెప్పేవాడు. నా పక్కన ఒక కాగితం అతికించాడు: ఇది కన్సోల్, పోర్టు 0, అడ్రసు 0, ముట్టుకోవద్దు. వరస చివరి పరికరానికి టెర్మినేషన్ సరిగ్గా ఉందో లేదో చూసి మరీ వెళ్ళేవాడు. కొత్త సంవత్సరం వచ్చిన రాత్రి జాబులన్నీ సవ్యంగా నడిచాయి. కొన్నాళ్ళకి అతని కాంట్రాక్టు ముగిసింది. కాగితం మాత్రం మిగిలింది.

తర్వాత లాన్ కన్సోల్ వచ్చింది. ఒక పీసీ నెట్‌వర్క్ మీదుగా నా పని చేస్తుందన్నారు. పీసీ తెచ్చినందుకు నాకు కోపం లేదు. పైకప్పులో ఉన్న నా కేబుల్ని కోసి పారేసినందుకు, ఆ కాగితాన్ని చింపేసినందుకు ఇప్పటికీ కోపమే. నన్ను సామాన్ల గదిలో తుడుపుకర్రల పక్కన పెట్టారు.

ఆ పీసీ ఒకరోజు చెడిపోయింది. కొత్త పీసీ తెచ్చారు, కనెక్షన్ కుదరలేదు. ఆ రోజుల్లో లాన్ కన్సోల్‌కి ఒక డివైస్ ఐడీ, దానికొక పాస్‌వర్డు ఉండేవి. కనెక్షన్ కుదిరిన ప్రతిసారీ ఆ పాస్‌వర్డు తనంతట తానే మారి రెండు వైపులా దాక్కునేది. పాత పీసీతోపాటు ఇటువైపు పాస్‌వర్డూ పోయింది. అదే సమయంలో యంత్రం మాన్యువల్ ఐపీఎల్ మధ్యలో ఆగి ఉంది. మళ్ళీ ఆ ఏ600 కోడే! అప్పుడు ఎవరికో నేను గుర్తొచ్చాను. ముందు ప్యానెల్ మీద 65 ఫంక్షన్, వెంటనే 21 ఫంక్షన్ నొక్కుతూ పోతే తెర లేకుండానే కన్సోల్ రకం మార్చవచ్చు. ట్వినాక్స్ కన్సోల్‌కి 01. ఆ 01కి మార్చి, నన్ను మోసుకుంటూ పరుగున తెచ్చారు. నన్ను తగిలించే కార్డు యంత్రంలోనే ఉంది. దాన్నుంచి నా దాకా రావాల్సిన కేబులే లేదు. పని చేయగల ఒంటితో, చేతులు కట్టేసినట్టు, ఆ గదిలో నిలబడ్డాను. చివరికి సపోర్టు వాళ్ళు ఫోన్లో చెబుతుంటే ప్యానెల్ నుంచే డివైస్ ఐడీని రీసెట్ చేసి పీసీని కలిపారు. నన్ను మళ్ళీ సామాన్ల గదికి పంపారు. కొత్త కేబుల్ వేద్దామని ఎవరూ అనలేదు. ఆ పీసీకి తోడుగా రెండో కన్సోల్ పెట్టి, నెలకోసారైనా దాన్ని తెరిచి చూద్దామని కూడా అనలేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు యంత్రంలోకి మిగిలే ఒకే ఒక్క దారి కన్సోల్. దాన్ని ఇలా గాలికి వదిలేస్తారని నేను నమ్మలేకపోయాను.

యంత్రం పేరు ఐసిరీస్ అయింది, సిస్టమ్ ఐ అయింది, 2008లో పవర్ సిస్టమ్స్‌లో కలిసిపోయింది. 2010లో వచ్చిన పవర్7లో నా కార్డుని నడిపే ఐఓపీ అనే ప్రాసెసర్లకే చోటు లేదు. ఆ ఏడాది తర్వాత సామాన్ల గది ఖాళీ చేశారు. పాత కీబోర్డులు సేకరించే ఒకతను వచ్చి నా 122 మీటల్ని ముద్దుగా చూసుకుని, కేబుల్ విప్పి పట్టుకెళ్ళాడు. తెర వద్దన్నాడు. గాజులో సీసం ఉంటుంది కనుక చెత్తబుట్టలో వేయకూడదని, నన్ను పాత టీవీలతో కలిపి రీసైక్లింగ్ లారీ ఎక్కించారు.