వెడల్పు లేని అధికారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అక్షర సంయోగ నిషేధాధికారి వారి సముఖమునకు,

తెలుగున తమకొక పేరు స్థిరపడకపోవుటచే, యూనికోడు వారి దస్త్రములలో తమకు వ్రాసియున్న 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అను బిరుదమును, యు ప్లస్ 200సి అను కొలువు సంఖ్యను పురస్కరించుకొని, పగలెల్ల ఒక కంపెనీలో ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములయందలి దోషములను వెదకి జీతము పుచ్చుకొనుచు, రాత్రి వంటయిల్లు సర్దిన పిమ్మట ఆ కంప్యూటరు మీదనే నాలుగు తెలుగు మాటలు వ్రాసికొని గాని నిద్రపోని అలవాటు గల యొక యిల్లాలు చేసికొను విన్నపము.

తమరు కనబడరు. తమకు ధ్వని లేదు, ఆకారము లేదు. వెడల్పు లేదని తమ పేరే చెప్పుచున్నది. అయినను ఒక హల్లు పొల్లుగా నిలిచిపోవలెనా, లేక తరువాతి హల్లు దాని కాళ్లక్రిందికి వత్తుగా దిగిపోవలెనా యను తగవును తీర్చు అధికారము తమది. 'సాఫ్ట్‌వేర్' అను మాటనే చూడుడు. పొల్లునకును వకారమునకును నడుమ తమరు నిలిచియున్నంతసేపు ఎవరి తావున వారు మర్యాదగా కూర్చుందురు. తమరొక్క క్షణము కునుకుపాటు పడితిరా, పాపము ఆ ఫకారము నెత్తిన ఏత్వమును, క్రింద టకార వకారములు రెండింటిని వత్తులుగాను మోసికొని 'సాఫ్ట్వేర్' అను, ఏ నోటికిని లొంగని వింత ఆకృతిని దాల్చును. వెడల్పన్నది లేకుండ ఇరువురి నడుమ నిలిచి, వారు ఒకరిపై ఒకరు పడకుండ కాచు ఉద్యోగము నాకు క్రొత్తది కాదు. మా అత్తగారికిని ఆమె కుమారునికిని నడుమ పదునెనిమిది సంవత్సరములు అట్టి కొలువే చేసితిని గనుక, తమ కష్టము నెరిగినదాననై వ్రాయుచున్నానని మనవి. పారసీకమువారు తమరిని 'సగము ఖాళీ' యని ముద్దుగా పిలుచుకొందురట. నాకు ఆపాటి బిరుదమును దక్కలేదు.

వెడల్పు లేనంతమాత్రమున తమరు తేలికవారని యెవరును భ్రమపడరాదు. యూటీఎఫ్-8 లెక్కలో మా అకారము మూడు బైట్లు. ఏమియు కనబడని తమరును మూడు బైట్లే. ఆంగ్లమున 160 అక్షరములు పట్టు ఎస్సెమ్మెస్సులో తెలుగునకు 70 మాత్రమే దక్కుచుండగా, ఆ డెబ్బదిలో సైతము తమరు వచ్చినప్పుడెల్ల ఒకటి తమ ఖాతాలో ఖర్చు. తమ ప్రతాపమును లోకమంతయు చూచినది 2018 ఫిబ్రవరిలో: 'జ్ఞా' అను అక్షరమునందు ఞకారమునకును దీర్ఘమునకును నడుమ తమరు చొరబడిన కూర్పొకటి సందేశముగా వచ్చినంతనే ఐఫోనులు స్పృహ తప్పెను. ఆ ఫోనుల కంపెనీవారు సవరణ పంపువరకు, జ్ఞానమను మాటకు మొదటి అక్షరమే ప్రాణాంతకమైనదని మా ఆఫీసులో నవ్వినవారు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. అట్టి కూర్పును బుద్ధి గలవాడెవ్వడును వ్రాయడన్నది నిజమే కాని, బుద్ధి గలవారు వ్రాయనిదానిని వ్రాసి చూచుటకే గదా మాకు జీతములిచ్చుట!

ఇక నా సొంత గోడు. క్రిందటి యేడు చిరునామా మార్చుకొనవలసివచ్చి, ఇంటివద్దనే 'అశోక్‌నగర్' అని శుద్ధముగా వ్రాసికొని, ఆ మాటను ఎత్తి ఒక కార్యాలయమువారి దరఖాస్తులో అతికించితిని. 'చెల్లని అక్షరము కలదు' అని ఎర్రని గీతతో జవాబు వచ్చెను. ఏ అక్షరమో చెప్పదు. మూడు దినములు తంటాలుపడి చివరకు స్వయముగా వెళ్లితిని. అచ్చటి గుమాస్తా చిన్నవాడు, మంచివాడు. "మేడం, మీ అడ్రసులో ఏదో తప్పుందంటోందండీ, నాక్కూడా కనబడ్డం లేదు" అని, చివరనుండి ఒక్కొక్క అక్షరమే చెరుపుచు వచ్చెను. పొల్లు పోయినది, రకారము పోయినది, గకారము, నకారము పోయినవి. అటుపిమ్మట మీట నొక్కెను, ఏమియు పోలేదు. మరల నొక్కబోవుచు ఆగి, "కీ పట్టేసినట్టుంది" అని కీబోర్డును తలక్రిందులు చేసి బల్లకు రెండుమారులు తట్టగా, అందుండి ఇంత బిస్కెట్ల పొడి రాలెను గాని తమరు రాలలేదు. ఆ ఒక్క నొక్కులో చెరిగిపోయినది తమరేయని అతనికేమి తెలియును? చెప్పినచో వెనుక వరుసలోనివారు నన్నేమనుకొందురో యని నేనును చెప్పలేదు. అతడు మిగిలిన భాగమును తన పద్ధతిలో మరల కొట్టెను, యంత్రము ఆనందముగా గ్రహించెను. ఆ కాగితములలో నేను నేటికిని 'అశోక్నగర్' నివాసిని. అట్టి పేట ఊరిలో లేదు. అశోకనగరమని ఆ పేటకు మొదటనే పేరు పెట్టియుండినచో అతనికిని, నాకును, తమకును ఈ శ్రమ తప్పెడిది.

ఆ మాట అనుకొనుచు ఆటోలో తిరిగి వచ్చుచుండగానే తమ కొలువునకు మూలమెక్కడనో నాకు తోచినది. తెలుగు అజంతభాష. హల్లుతో ముగియు మాట వచ్చినచో మా పూర్వులు దానిని వీధిగుమ్మమున నిలిపి, కాళ్లు కడిగించి, ఒక అచ్చును తొడిగి గాని లోపలికి రానిచ్చెడివారు కారు. సంస్కృతమంతటిదానికే మినహాయింపు లేకపోయెను: 'వాక్' వాక్కైనది, 'జగత్' జగత్తైనది, 'విద్యుత్' విద్యుత్తైన పిమ్మటనే మన యిండ్లలో దీపము వెలిగెను. రాముడు డువర్ణమును, వనము మువర్ణమును తగిలించుకొని రాక తప్పలేదు. హిందుస్థానీ నుండి జవాబు, దస్తావేజు. పోర్చుగీసు నుండి బొత్తాము. ఆంగ్లమునుండి కోర్టు, రైలు, బస్సు. కలెక్టరంతటివాడు సైతము ఉకారము తగిలించుకొని జిల్లాలో అడుగుపెట్టెను గదా! పద్యములలో పొల్లునకారమొకటి కలదు, కాదనను. దానికి 2021లో యూనికోడు 14వ కూర్పున ప్రత్యేకముగా ఒక గదియే దొరకినది. కాని మొత్తముమీద మా భాషకు కొమ్ము కాచినది ఆ ఉకారపు కొమ్మే. అది కనబడును, పలుకును, తెలుగునకు కేటాయించిన 128 గదులలో స్వంత గది గలది.

అట్టిదానిని వదలి తమరిని కొలువులో పెట్టుకొన్నది మేమే. బస్సు అన్నవాడు పల్లెటూరివాడనియు, బస్ అన్నవాడు చదువుకొన్నవాడనియు ఎప్పుడు లోలోపల ఒప్పుకొంటిమో, ఆనాడే తమకు నియామకపత్రము వెళ్లినది. తెనాలిలో మా అమ్మ ఇప్పటికిని "ఆ కంప్యూటరు కట్టేసి అన్నానికి రావే" అని పిలుచును. ఆమె నోట ఆ యంత్రము ఆవుదూడవలె ఇంటిదై వినబడును. నేను అట్లే వ్రాయగా నా భుజము మీదుగా చూచిన నా కూతురు, "కంప్యూటరు ఏంటమ్మా, అచ్చం అమ్మమ్మలా!" అని పకాలున నవ్వెను. దాని నవ్వులో తప్పు లేదు. ఉద్యోగపు దరఖాస్తులో 'సాఫ్టువేరు' అని వ్రాసికొను ధైర్యము నాకే లేనప్పుడు దాని ననుటెందుకు?

కావున తమరిని రాజీనామా చేయుడని కోరుట లేదు. ఇంటర్నెట్టు చిరునామాల నిబంధనలు 2003లో తమరిని కనబడినచోటనే తుడిచివేసినను, తరువాత 2008 పేరిట వచ్చిన నిబంధనలు పొల్లు వెనుక నిలుచు షరతుపై మరల రానిచ్చినవని ఎరుగుదును. ఇంత పోరాడి నిలిచినవారిని పొమ్మనుటకు నేనెవరిని? నా కోరిక యొక్కటే. తమరు మాట నడుమ నిలిచినను, ఆ మాట వెదకువారికి దొరకునట్లు తమ క్రింది ఉద్యోగులకు ఉత్తరువు చేయుడు. 'ఆన్‌లైన్' అని నేను తమతో వ్రాసినదానిని తొందరలో తమరు లేకుండ వ్రాసి వెదకగా, నా వ్యాసములోనే అట్టి మాట లేదని యంత్రము బుకాయించెను. దోషములు పట్టుట వృత్తిగా గలదానను, కన్నులు కాయలు కాచునట్లు చూచి ఒక పూట పోగొట్టుకొంటిని.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒక టెస్టరు

తా.క.: ఈ లేఖయందు తమరిని మూడు చోటుల మాత్రమే నిలిపితిని, ఆ మూడును ఉదాహరణలకే. తక్కినదంతయు ఉకారముతోనే గడుపుకొంటిని.