క్లచ్చి లేని నీలం బండి

ఈ బండి ఎక్కిన ప్రతివాడూ మొదట చేసే పని ఒకటే. ఎడమకాలు చాపి, లేని క్లచ్చి కోసం తడుముకుంటాడు. గేరు రాడ్డు చేతికి అందుతుంది, దాని తలమీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు ఉంటాయి, కింద చూస్తే రెండే పెడళ్ళు. అనంతపురంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు కల్యాణమంటపం ముందర బండ్లు సర్దే కుర్రవాడు వంగి, కాళ్ళకింది మ్యాటు ఎత్తి మరీ చూశాడు. "అన్నా, క్లచ్చి ఊడిపోయినట్టుందే" అన్నాడు, పాపం, నిజంగానే జాలిపడుతూ.

ఊడిపోలేదు, పుట్టుకతోనే కాలికింద లేదు. గేరు రాడ్డులో ఒక సెన్సర్ ఉంటుంది. చెయ్యి రాడ్డును కదపబోతోందని అది పసిగట్టి కబురు పంపితే, ఒక హైడ్రాలిక్ పరికరం క్లచ్చిని విడదీసి మళ్ళీ కలుపుతుంది. గేర్లు మాత్రం మనిషే మార్చుకోవాలి. దీన్ని ఐఎంటీ అంటారు. సగం ఆటోమేటిక్, సగం మాన్యువల్; అటు కోడలూ కాదు, ఇటు కూతురూ కాదు.

సీమలో వయసు మీదపడినవాళ్ళు తమ గురించి చెప్పుకునేటప్పుడు "ఈ కట్టె ఇంకెన్నాళ్ళులే" అంటుంటారు. "నేను" అనేదాన్ని పక్కకు నెట్టి, ఒంటిని ఎవరిదో అన్నట్టు చూపించే పద్ధతి అది. ఓడోమీటరు మీద లక్ష కిలోమీటర్లు దాటాయి గనుక ఆ మర్యాద ఈ బండికీ చెల్లుతుంది.

పుట్టింది చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో, 2021లో. పేరు హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. ఆ "ఎన్" అక్షరానికి రెండు ఊళ్ళు సాక్ష్యం: కంపెనీ కార్లను రూపొందించే కొరియాలోని నామ్‌యాంగ్, వాటిని పరీక్షించే జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్. ఇదే పేరుతో ఉన్న ర్యాలీ కారు 2019లోనూ 2020లోనూ హ్యుందాయ్‌కి ప్రపంచ ర్యాలీ తయారీదారుల టైటిల్ తెచ్చిపెట్టింది. ఆ ర్యాలీ కారు కంకర బాటల్లో గాలిలోకి ఎగురుతుంది. ఈ బండి కళ్యాణదుర్గం దాటిన కంకర బాటలో శెనక్కాయ విత్తనం మూట మోస్తుంది. చుట్టరికం ఉన్నమాట నిజమే, కానీ పెళ్ళిపత్రికలో పేరు వేసేంత దగ్గరిది కాదు.

చిన్న కారుకు పెద్ద దమ్ము పెట్టే పిచ్చి కొత్తదేమీ కాదు. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు గోల్ఫ్ జీటీఐని చూపించి, మరుసటేడు అమ్మకానికి పెట్టారు. పొద్దున పిల్లల్ని బడిలో దింపి, సాయంత్రం కొండదారి ఎక్కి సరదా తీర్చుకునే కారు. హాట్ హ్యాచ్ అనే జాతికి ఊరూపేరూ అక్కడినుంచే వచ్చాయి. మన దేశానికి అది విడతలు విడతలుగా చేరింది. 2001లో ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్, 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2017లో బాలెనో ఆర్ఎస్. మధ్యలో 2016లో అసలుసిసలు పోలో జీటీఐ వచ్చింది. పాతిక లక్షలకు పైబడిన ధర, దేశం మొత్తానికి 99 కార్లు. ఆ 99లో ఒకటి అనంతపురం టవర్ క్లాక్ కింద ఎప్పుడైనా ఆగిందేమో ఈ బండికి తెలియదు, అప్పటికి పుట్టలేదు.

ఈ బండి పొడవు 3,995 మిల్లీమీటర్లు. ఇంకో అయిదు మిల్లీమీటర్లకు మించి పెరిగితే నాలుగు మీటర్లు దాటేది, పన్నూ పెరిగేది. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలుకైతే 1,200 సీసీ లోపు ఇంజన్ ఉంటేనే చిన్న కారు కింద లెక్క. యూరప్‌లో ఐ20 ఎన్‌కు 1.6 లీటర్ల ఇంజన్, 204 గుర్రాల బలం పెట్టినవాళ్ళు ఇక్కడ 998 సీసీ, మూడు సిలిండర్లు, ఒక టర్బో, 120 గుర్రాలతో సరిపెట్టింది అందుకే. అలాగని తీసిపారేయక్కర్లేదు. 172 న్యూటన్ మీటర్ల టార్క్ 1,500 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది, 4,000 దాకా తగ్గదు. మామూలు ఐ20తో పోలిస్తే సస్పెన్షన్‌ను బిగించారు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు వేశారు, సైలెన్సర్ గొంతు కాస్త బొంగురు చేశారు. బిగించిన సస్పెన్షన్ సంగతి ముందు ముందు వస్తుంది, ముఖ్యంగా ఇంటి పెద్దాయన నడుము సంగతి వచ్చేటప్పుడు.

2021 నవంబరులో అనంతపురం చేరింది. షోరూం ధర పది లక్షల చిల్లర, లైఫ్ ట్యాక్సుతో రోడ్డు మీదకొచ్చేసరికి పన్నెండు దాటింది. కొన్న పిల్లోడికి ముప్పై ఏళ్ళు. ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ పిల్లోడనే అంటారు కాబట్టి ఈ బండీ అలాగే అంటుంది. అతనికి ఉన్న ఒకే ఒక్క బాధ నంబరు ప్లేటు. అనంతపురం బండ్లకు ఏపీ 02 అని ఉండేది; హైదరాబాదులోనో బెంగళూరులోనో ట్రాఫిక్‌లో ఆ అంకె కనబడితే జిల్లావాళ్ళు హారన్ కొట్టి పలకరించుకునేవాళ్ళు. 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే వరుస, ఏపీ 39, వచ్చింది. శ్రీకాకుళం బండీ అదే, అనంతపురం బండీ అదే. "ఎవురిదో ఇంటిపేరు తగిలిచ్చినట్టుంది" అన్నాడు పిల్లోడు.

పిల్లోడి నాయన, అంటే ఇంటి పెద్దాయన, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎర్రకుట్ల సీట్లను, ఎర్రరంగు బ్రేక్ క్యాలిపర్లను చూశాడు. వెనక తలుపు తెరిపించి, లోపలికి తొంగిచూసి ఒకే ప్రశ్న అడిగాడు.

"ఏమ్రా, దీంట్లో మూట యాడ పెట్టేది?"

డిక్కీ 311 లీటర్లు నాయనా, అని పిల్లోడు చెప్పబోయాడు. శెనక్కాయలను లీటర్లలో కొలిచే అలవాటు పెద్దాయనకు లేదు. వెనక సీటు మడిచి చూపిస్తే అప్పుడు ఊరుకున్నాడు.

పిల్లోడి ఉద్యోగం ఎర్రమంచి దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో. రోజూ నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి పట్టుకుని రాప్తాడు, మరూరు టోల్‌గేటు, చెన్నేకొత్తపల్లి మీదుగా అరవై కిలోమీటర్లకు అటూఇటూ. సాయంత్రం మళ్ళీ అంతే. ఎర్రమంచి అంటే కియా కార్ల కంపెనీ. 2017 ఏప్రిల్లో ఒప్పందం కుదిరి, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చిన చోటు. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీల్చినప్పుడు ఎర్రమంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. కాబట్టి ఈ బండి రోజూ పొద్దున ఒక జిల్లా దాటి పనికిపోతుంది, దారి మాత్రం అంగుళం మారలేదు.

ఎదురుగా ట్రైలర్ల మీద రెండంతస్తుల్లో కియా సోనెట్లు వస్తుంటాయి. వాటిని చూస్తే ఈ బండికి ఒక పులకింత. హ్యుందాయ్, కియా ఒకే కుటుంబం. సోనెట్ టర్బోలో ఉన్నదీ ఇదే ఒక లీటరు ఇంజన్, అదే 120 గుర్రాలు. ఆ ఐఎంటీ కూడా 2020లో సోనెట్‌లో వచ్చిందే. 2025లో ఆ ఫ్యాక్టరీకి చేరాల్సిన ఇంజన్లు అయిదేళ్ళలో తొమ్మిది వందల దాకా మాయమయ్యాయని పెనుకొండ పోలీసుల దగ్గర కేసు నమోదైంది. ఆ వారమంతా పిల్లోడు బండి దగ్గరికి వచ్చినప్పుడల్లా బానెట్ ఎత్తి చూసేవాడు, నవ్వులాటకే.

ఇక రోడ్డు మీద సంగతి. నూట ఇరవై గుర్రాలున్నాయి, వాటిలో రోజూ మేత తినేవి నలభై కూడా ఉండవు. నాలుగు వరసల రహదారిపై కార్లకు 2018 కేంద్ర నోటిఫికేషన్ పెట్టిన గరిష్ఠ వేగం గంటకు వంద. పిల్లోడు తొంభై దగ్గర ఆరో గేరులో పెట్టి పాటలు వింటాడు. మిగతా బలం ఎక్కడ పనికొస్తుందంటే, తాడిపత్రి బండలేసుకున్న రెండు లారీలు పక్కపక్కనే ఒకదాన్నొకటి దాటాలని రెండు కిలోమీటర్లు పందెం ఆడి, చివరికి ఒకటి పక్కకు తప్పుకున్నాక, ఆ సందులో. నాలుగో గేరు, కుడికాలు, అయిదారు సెకన్లు, టర్బో ఈల. అంతే, అయిపోయింది, మళ్ళీ ఆరో గేరు. రోజుకు రెండు మూడు సార్లు. పన్నెండు లక్షల ఖర్చంతా ఆ పదిహేను సెకన్ల కోసమా అని ఇంటి పెద్దామె అడిగిన ప్రశ్నకు పిల్లోడి దగ్గర జవాబు లేదు. ఈ బండి దగ్గర ఉంది గానీ దాన్నెవరూ అడగలేదు.

వేసవిలో ఆ ఈల కాస్త నీరసిస్తుంది. ఎండ నలభై దాటితే గాలి పలచబడుతుంది. పలచని గాలిని టర్బో నొక్కేసరికి అది ఇంకా కాగిపోతుంది. ఇంటర్‌కూలర్ చల్లార్చగలిగినంత చల్లార్చాక, మిగిలిన వేడికి ఇంజన్ కొట్టుకోకుండా కంప్యూటరు స్పార్కును కొంచెం వెనక్కి జరుపుతుంది. ఏసీ తన వాటా తను లాక్కుంటుంది. మే నెల మధ్యాహ్నం మరూరు టోల్‌గేటులో ఆగి కదిలేటప్పుడు ఈ బండి 120 గుర్రాలని చెప్పుకోవడానికి సిగ్గుపడుతుంది.

పెట్రోలు విషయంలో జిల్లా అంతా పొరుగు రాష్ట్రం వైపే చూస్తుంది. 2021 నవంబరులో, సరిగ్గా ఈ బండి కొన్న నెలలో, కేంద్రం పెట్రోలుపై ఎక్సైజు అయిదు రూపాయలు తగ్గిస్తే, కర్ణాటక తన పన్ను మరో ఏడు తగ్గించింది. ఇక్కడ రాష్ట్రం పన్ను తగ్గలేదు. ఆదివారం లేపాక్షి బసవన్నను చూడ్డానికని బయల్దేరిన బండి కొడికొండ దాటి బాగేపల్లి బంకులో తేలడం వెనక భక్తి ఎంత, లెక్క ఎంత అన్నది బసవన్నకే తెలియాలి. ఈ మధ్య బంకులన్నిట్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ఇథనాల్‌లో పెట్రోలుకన్నా మూడోవంతు దాకా శక్తి తక్కువ. మైలేజీ అంకె కొద్దిగా కిందికి జారింది. పిల్లోడు ఆ అంకెను రోజూ చూసి, రోజూ నిట్టూరుస్తాడు.

జూన్ వచ్చిందంటే బండి దిశ మారుతుంది. కళ్యాణదుర్గం అవతల పెద్దాయన పొలం. పడమటి కనుమల వాననీడలో ఉండి, బంగాళాఖాతానికీ దూరమైన ఈ పీఠభూమిలో ఏడాది మొత్తం సగటున పడేది 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని అనంతపురానికి పేరు. కదిరి పరిశోధన కేంద్రం వాళ్ళ కె-6 రకం విత్తనం మూటలు ఎర్రకుట్ల సీటు మడిచిన చోట కూర్చుంటాయి. బిగించిన సస్పెన్షన్ ఇక్కడే లెక్క అప్పజెబుతుంది. పదహారంగుళాల చక్రానికి సన్నని టైరు గోడ. గుంటలో పడ్డ ప్రతిసారీ దెబ్బ నేరుగా వెన్నుపూసకు చేరుతుంది. "ఎద్దులబండే మేలురా, అదైతే నడ్డి మీద మెల్లగా కొడ్తాది" అన్నాడు పెద్దాయన. రెండేళ్ళ కిందట ఒక రాయి టైరు పక్కగోడను చీల్చింది. పంక్చర్ షాపతను వేలు పెట్టి చూసి, పక్కగోడకు ప్యాచీ వెయ్యకూడదని తల అడ్డంగా ఊపాడు. అప్పటినుంచి పిల్లోడు ఆ దారిలో రెండో గేరు దాటడు. న్యూర్‌బర్గ్‌రింగ్‌లో ఈ సంగతి ఎవరికీ చెప్పకండి.

గాలి కాలంలో ఇంకో పీడ. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలికి కొండలమీది గాలిమరలు సంతోషంగా తిరుగుతాయి. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు హగరి ఏటి ఒడ్డున ఇసుక లేచి పొలాల మీద మేటలు వేస్తుంది. బళ్ళారి పనిమీద ఉరవకొండ దారిన పోయివస్తే ఎయిర్ ఫిల్టర్ ఇటుకరాయి రంగుకు తిరుగుతుంది. మాన్యువల్‌లో రాసిన గడువు వచ్చేదాకా ఆగరు, సగానికే మార్చేస్తారు. నీలం రంగు ఎన్నుకున్నందుకు పిల్లోణ్ణి పెద్దామె ఇప్పటికీ దెప్పుతుంది. ఎర్రమట్టి దేశంలో నీలం బండి వారానికి ఆరు రోజులు గోధుమరంగులో ఉంటుంది. కడగాలంటే నీళ్ళు. ట్యాంకరు వచ్చే వీధిలో పైపు పెట్టి కారు కడిగితే పక్కింటివాళ్ళ చూపు ఎలా ఉంటుందో ఈ బండికి బాగా తెలుసు. ఒక బక్కెట్టు, ఒక గుడ్డ. అద్దాలు, లైట్లు, నంబరు ప్లేటు. మిగతాది వాన చూసుకుంటుంది, వస్తే.

ఇంజన్లో ఉన్న కొద్దిపాటి కూలెంటును పెద్దాయన నీళ్ళని అనుకునేవాడు. "దానికి మటుకు ఆకుపచ్చ నీళ్ళు యాడనుంచో తెస్తారు" అన్నాడొకసారి. ఆ మాట మీద పిల్లోడు గొల్లపల్లి రిజర్వాయరు కథ ఎత్తాడు: శ్రీశైలం వెనక జలాలు హంద్రీనీవా కాలువ పట్టుకుని, పంపులు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తిపోస్తే వచ్చి, కియా ఫ్యాక్టరీకి చేరతాయని. పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన చెరువుకు ఎన్ని పంపులు కావల్ల?" అన్నాడు. కారులో ఆ తర్వాత ఊరు వచ్చేదాకా పాటలు లేవు.

2023 సెప్టెంబరులో ఎన్ లైన్‌కు కొత్త రూపం వచ్చింది. ఐఎంటీ తీసేశారు, మూడో పెడల్ మళ్ళీ పెట్టారు. అంటే ఈ బండి తరం రెండేళ్ళ ముచ్చట. కంపెనీ కారణమేదైనా కానీ, అనంతపురం మెకానిక్కులు, మంటపాల కుర్రాళ్ళు, పెద్దాయన తమ్ముడు, అందరూ ఎడమకాలుతో వేసిన ఓట్లే గెలిచాయని ఈ బండి నమ్మకం.

మొన్న జూన్ చివర బెళుగుప్ప దారిలో ఒక గొర్రెల మంద అడ్డమొచ్చింది. మూడు వందలకు తక్కువుండవు. పిల్లోడు హారన్ కొట్టలేదు, ఇంజన్ ఆపేశాడు. ఊలు రాసుకుంటూ, తలుపులకు తలలు ఆనించుకుంటూ అవి రెండువైపులా పారాయి. నైరుతి మూల మబ్బు కమ్ముకుంటోంది. వెనక సీట్లో విత్తనం మూట మీద చెయ్యేసుకుని పెద్దాయన ఆ మబ్బునే చూస్తున్నాడు. మంద చివర కంబళి కప్పుకున్న కాపరి బండి పక్కన ఆగి, కర్రతో బానెట్‌ను మెల్లగా తట్టి, అద్దంలోంచి లోపలికి వంగాడు.

"అబ్బోడా, దీనికి క్లచ్చి లేదంట గదా?"