‘కమోడ్‌లో చెత్త వేయరాదు’: టీకా, తాత్పర్యం

మెతుకుసీమ పండితుడు కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. ఆయనకు దొరికిన మూలాలు గొప్పవి. ఇక్కడి మూలం నాలుగు ముక్కలు. లిఫ్టు పక్క గోడకు టేపుతో అతికించి ఉంటుంది. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా ఏ అపార్ట్‌మెంటుకు వెళ్ళినా కాస్త అటూ ఇటూగా ఇదే పాఠం:

“కమోడ్‌లో చెత్త వేయరాదు. నీరు ధారాళముగా పోయవలెను. జామ్ అయినచో ఖర్చు వేసినవారే భరించవలెను. ఇట్లు, కార్యదర్శి.”

గ్రంథం చిన్నదే. కానీ అందరూ చదివి ఎవరూ అర్థం చేసుకోని గ్రంథం కాబట్టి వ్యాఖ్యానం తప్పలేదు.

‘కమోడ్‌లో’ అనగా పైకి కనిపించే పింగాణీ గిన్నెలో అని సామాన్యార్థం. విశేషార్థం గిన్నె వెనక ఉన్న వంపులో ఉంది. ప్లంబర్లు దాన్ని ట్రాప్ అంటారు. 1775లో లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ దీనికి పేటెంటు పొందాడు. అంతకు ముందూ నీళ్ళతో కడిగే మరుగుదొడ్లు లేకపోలేదు గానీ మురుగు గొట్టంలోని కంపు తిన్నగా గదిలోకే వచ్చేది. కమింగ్ గొట్టాన్ని వంచి, ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచేలా చేశాడు. ఆ నీళ్ళే మూత. మన ఇళ్ళలో దాని లోతు సుమారు 50 మిల్లీమీటర్లు. బయటి పీవీసీ పైపు నాలుగంగుళాలున్నా కమోడ్ లోపలి దారి అంతకంటే బాగా ఇరుకు, పైగా మెలిక. కంపును ఆపే వంపే చెత్తనూ ఆపుతుంది. గుణమే దోషం కావడాన్ని ఏ అలంకారం కింద చేర్చాలో లాక్షణికులు తేల్చుకోవాలి.

‘చెత్త’ దగ్గర మూలకారుడు తడబడ్డాడు. కావాలనే. ఆయన మనసులో ఉన్న మాట ‘ప్యాడ్’. నలుగురూ చదివే గోడ మీద ఆ మాట రాయడానికి మొహమాటపడి ‘చెత్త’ అని ఊరుకున్నాడు. ఆ మొహమాటం ఖరీదును ప్రతి అపార్ట్‌మెంటూ ప్లంబరుకు చెల్లిస్తోంది. శానిటరీ ప్యాడ్‌లోనూ డైపర్‌లోనూ ఉండే పొడి తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టుకుని ఉబ్బుతుంది. వంపులో పడితే అక్కడి నీళ్ళనే పీల్చి అక్కడే కూర్చుంటుంది. వాటిని చుట్టి పొడిచెత్త డబ్బాలో వేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు స్పష్టంగానే చెప్పాయి. కానీ ఆ డబ్బా బాత్రూంలో ఉండాలి కదా! చుట్టపుచూపుగా వచ్చిన అమ్మాయి వాడిన ప్యాడ్‌ను పట్టుకుని, హాల్లో క్రికెట్ చూస్తున్న మగవాళ్ళ ముందు నుంచి వంటింటి చెత్తబుట్ట దాకా నడిచి వెళ్ళాలంటే ఎలా? ఆ ఇంట్లో కమోడ్ జామ్ అయితే తప్పు ఆ అమ్మాయిది కాదు. మూత ఉన్న చిన్న డబ్బా, నాలుగు పాత న్యూస్‌పేపర్లు బాత్రూంలో పెట్టిన ఇంటికి ఈ నోటీసుతో సగం పని లేదు.

చెత్తకు రెండో అర్థం తడి వైప్స్. చూపుకు కాగితం, స్వభావానికి బట్ట. టాయిలెట్ పేపర్ నీళ్ళలో విడిపోతుంది. వైప్స్‌లో చాలావాటిలో ఉండేవి ప్లాస్టిక్ నారలు, అవి విడిపోవు. ప్యాకెట్ మీద ‘ఫ్లషబుల్’ అని ఉంటే అది గిన్నెలోంచి కనబడకుండా పోతుందనే హామీ తప్ప పైపు దాటుతుందనే హామీ కాదు. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద మురుగు కాలువలో ఇలాంటి వైప్స్, డైపర్లు, వంట కొవ్వు కలిసి గడ్డకట్టిన ముద్ద బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. తవ్వి తీయడానికి వారాలు పట్టింది. దాని ముక్కను మరుసటి ఏడాది లండన్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడితే జనం వెళ్ళి చూశారు.

మిగతా నానార్థాలు ఇంటింటికీ తెలిసినవే. షాంపూ సాచెట్, దువ్వెన నుంచి తీసి చుట్టిన వెంట్రుకల ఉండ, ఇయర్‌బడ్, ఫ్లష్ చేసినప్పుడల్లా వాసన రావాలని గిన్నె అంచుకు తగిలిస్తే ఒకనాడు జారిపడ్డ ప్లాస్టిక్ బోను. నిన్నటి సాంబారు సంగతి మాత్రం వేరుగా చెప్పాలి. ‘కడుపులోంచి ఎలాగూ అక్కడికే కదా పోయేది’ అని ఒక ఆక్షేపణ ఉంది. సమాధానం: నమిలి పక్కన పెట్టే మునక్కాడ పిప్పి ఎవరి కడుపులోంచీ పోదు. గిన్నెతో కుమ్మరించినప్పుడు అదే ముందు పోతుంది. నెయ్యి, డాల్డా చల్లారి పైపు గోడకు పడతాయి, వాటికి వెంట్రుకలు అంటుకుంటాయి.

కొత్త ఇళ్ళలో మరో రకం చెత్త ఉంటుంది. టైల్స్ పని ముగిసిన సాయంత్రం తాపీలూ తట్టలూ కడిగిన సిమెంటు నీళ్ళు తిన్నగా లెట్రిన్‌లోకి పోతాయి. సిమెంటు నీటి అడుగునా గట్టిపడుతుంది, అదే దాని ఘనత. గృహప్రవేశం రోజునే జామ్ అయిన బేసిన్‌కు వాస్తు చూపించేవారున్నారు. చూపించాల్సింది మేస్త్రికి.

‘ధారాళముగా’. నీళ్ళు ఎన్ని పోస్తే అంత మంచిదని పూర్వపక్షం. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ పద్ధతిలోని దొడ్డికి లీటరున్నర, రెండు లీటర్లు చాలు. బేసిన్ వాలు నిటారుగా ఉంటుంది, ట్రాప్‌లో నీటి మూత 20 మిల్లీమీటర్లే. ఉన్న కాస్త నీటికీ పని తేలిక చేశారన్నమాట. అటు అమెరికాలో 1992 నాటి చట్టం వల్ల 1994 నుంచి కొత్త కమోడ్లు ఒక్కో ఫ్లష్‌కు 6 లీటర్లకు మించి వాడకూడదని వచ్చింది. అంతకు ముందువి అందులో రెండింతలు మింగేవి. కంపెనీలు పాత గిన్నెకే చిన్న ట్యాంకు తగిలించి అమ్మడంతో తొలి రకాలు చాలావరకు రెండేసిసార్లు ఫ్లష్ చేస్తేగాని పని కాలేదు. ఆ గొడవ నుంచే 2003లో ఉత్తర అమెరికాలో ఒక పరీక్ష పుట్టింది. సోయాబీన్ ముద్దను తూకం వేసి, కాగితం ఉండలతో కలిపి గిన్నెలో వేసి, ఒక్క ఫ్లష్‌కు ఎన్ని గ్రాములు పోతాయో చూస్తారు. గరిష్ఠం 1000 గ్రాములు. డాలస్‌లో కొడుకు ఇంటికి వెళ్ళిన అమ్మానాన్నలు ప్రతి బాత్రూంలోనూ మూలన రబ్బరు పంపు ఎందుకుందా అని ఆశ్చర్యపోతారు. దాని వెనక ఇంత చరిత్ర ఉంది.

కనుక సిద్ధాంతం: కొలత కాదు, ఊపు ముఖ్యం. మగ్గుతో పదిసార్లు పోసిన నీళ్ళు పైనుంచి జారిపోతాయి. అర బకెట్టు ఒక్క ఊపున కుమ్మరిస్తే వంపు దాటిస్తాయి. రెండు బటన్లున్న ఫ్లష్ ట్యాంకులో చిన్నది మూత్రానికే. పెద్ద పనికీ చిన్న బటనే నొక్కి నీళ్ళు మిగిల్చానని సంతోషించేవారు ఆ మిగిలింది నెలాఖరుకు బకెట్లలో తిరిగి పోస్తారు. బోరు నీళ్ళ ఇళ్ళలో గిన్నె అంచు కింది రంధ్రాలకు ఉప్పు పేరుకుని ధార సన్నబడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలా ఇళ్ళలో సగం జబ్బు నయం.

మూలకారుడు చెప్పకుండా వదిలేసిన మాట ఇంకొకటి ఉంది, అది ‘వాటం’. మేస్త్రుల భాషలో పైపు పల్లం. నాలుగంగుళాల పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు పల్లం మంచి వాటం. పాత ఫ్లాటు కొని, కమోడ్ ఈ మూల బాగాలేదని ఆ మూలకు మార్పించేటప్పుడు పైపు పొడవు పెరుగుతుంది, స్లాబ్ మాత్రం కిందికి జరగదు. వాటం చచ్చిపోతుంది. ఆ తర్వాత ఎంత ధారాళంగా పోసినా ధారాళత్వం సగం దూరంలోనే కూర్చుంటుంది.

‘జామ్ అయినచో’. ముందు అన్వయం కుదర్చాలి, అనగా ఏ అడ్డు ఏ పైపుకు చెందుతుందో చూడాలి. ఒక్క కమోడే నిలిచిపోయి, పక్కన స్నానం నీళ్ళు హాయిగా పోతుంటే దోషం ట్రాప్‌లో. ఫ్లష్ చేస్తే బాత్రూం జాలీలోంచి గుడగుడమని నీళ్ళు పైకొస్తే అది బయటి లైనులో. పై అంతస్తువాళ్ళు ఫ్లష్ చేసినప్పుడు కింది అంతస్తు కమోడ్ పొంగితే ఛాంబర్ నిండింది, రబ్బరు పంపు పట్టుకుని ప్రయోజనం లేదు.

ట్రాప్‌లోదే అయితే మొదటి నియమం: మళ్ళీ ఫ్లష్ చేయకూడదు. అందరూ చేసేది అదే, నేల మీదికి వచ్చేదీ అందుకే. పంపు రబ్బరు మునిగేంత నీరుండాలి, మొదటి నొక్కు మెల్లగా ఉండాలి. నొక్కడం కంటే లాగడమే ఎక్కువసార్లు పని చేస్తుంది, అడ్డు వచ్చిన దారినే వెనక్కి రావాలి కాబట్టి. మెత్తటి అడ్డుకైతే గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, గోరువెచ్చని నీళ్ళు పోసి అరగంట ఆగితే ఫలం ఉంటుంది. సలసల కాగే నీళ్ళు పోస్తే పింగాణీ చిట్లవచ్చు, పీవీసీ మెత్తబడుతుంది. అప్పటికీ కదలకపోతే ప్లంబరు స్ప్రింగు.

యాసిడ్ భక్తులకు ఒక ముఖ్య గమనిక. యాసిడ్ ఉప్పు పొరను కరిగిస్తుంది గానీ ప్యాడ్‌ను, వైప్‌ను కరిగించదు. దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఏ మందు పోసినా తర్వాత పంపు కొట్టకూడదు, చిందేది ముఖం మీదికే. వచ్చిన ప్లంబరుకు ఏం పోశారో చెప్పాలి.

‘వేసినవారే’. ఇది న్యాయశాస్త్ర సమస్య. ఐదంతస్తుల ఇళ్ళన్నీ ఒకే నిలువు పైపులోకి వదులుతాయి. ప్రత్యక్ష ప్రమాణం దొరకదు, తలుపు గడియ వేసి ఉంటుంది. అనుమాన ప్రమాణం ఎప్పుడూ అద్దెకున్న బ్యాచిలర్ల మీదికే పోతుంది. శబ్ద ప్రమాణం వాట్సాప్ గ్రూపులో ఉంటుంది, దాన్ని నమ్మలేం. పైగా అడ్డు ఒక్కరోజులో పడదు. నెలల తరబడి పేరుకున్నదాని మీద చివర ఫ్లష్ చేసినవాడు దొరికిపోతాడంతే. కాబట్టి ‘వేసినవారే’ అను చోట ‘అందరూ’ అని పాఠాంతరం స్వీకరించడమే మేలు. వ్యవహారంలో ఖర్చు పంచుకునేదీ అలాగే.

‘ఇట్లు, కార్యదర్శి’. వ్యాఖ్యాతలు సంతకాన్ని వదిలేస్తారు. ఇక్కడ వదలడానికి లేదు. ఛాంబర్ మూతలు తీయించి చూడవలసిందీ, సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్ళకోసారి ఖాళీ చేయించవలసిందీ ఈయనే. పొంగేదాకా ఆగి, అర్ధరాత్రి ఎవరినో పిలిచి, వెయ్యో రెండువేలో చేతిలో పెట్టి తాడు కట్టి లోపలికి దింపించేదీ కొన్నిచోట్ల ఈ సంతకందారే. ట్యాంకులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. కంపు తగ్గిందనుకుని ఇంకో మెట్టు దిగినవాడు పడిపోతాడు, తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. అలా మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటి తప్పుకు రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టంలో ఉన్నది ‘ఏ వ్యక్తి అయినా’ అని, అందులో అపార్ట్‌మెంటు కార్యదర్శీ వస్తాడు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచుతూ సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పిచ్చింది. హైదరాబాదులో వీధి మురుగు లైను పొంగితే జలమండలికి 155313, సెప్టిక్ ట్యాంకు బండికి 14420. నోటీసు మళ్ళీ టైపు చేయించేటప్పుడు సంతకం కింద ఈ రెండు నంబర్లూ, పైన ‘చెత్త’ చోట ‘ప్యాడ్లు, డైపర్లు, వైప్స్’ అనీ చేర్చాలి.